గుంజీలు, గోడకుర్చీ, కోదండం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త దూరం జరపండి బాబూ. ముప్పై నాలుగేళ్లు మైదానంలో అరిచిన గొంతు ఇది, మైకులో పెడితే వెనక వరుసలో చదువుకుంటున్న పిల్లలు అదిరిపడతారు. డ్రిల్లు మాస్టారిని గ్రంథాలయానికి పిలిచారని తెలిసి మా ఇంటావిడ నవ్వింది. "ఎందుకు, పుస్తకాలను వరుసలో నిలబెట్టడానికా?" అంది.

మన కార్యదర్శి గారు నా పాత విద్యార్థి. ఇందాక నన్ను పరిచయం చేస్తూ, మాస్టారి దగ్గర క్రమశిక్షణ నేర్చుకున్నానన్నారు. అది ఆయన మర్యాద. జరిగింది వేరు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బూట్లు వేసుకురాలేదని ఆయనచేత గోడకుర్చీ వేయించాను. కాళ్లు వణికి కూలబడితే మళ్లీ వేయించాను. ఆ ఇంట్లో ఆ నెల బూట్లు కొనే పరిస్థితి లేదని నాకు తరవాతెప్పుడో తెలిసింది. ఆయన మరచిపోయారేమో గానీ నేను మరచిపోలేదు.

ఈ సంగతి ఎందుకెత్తానంటే, నన్ను మాట్లాడమన్న విషయం అలాంటిది. ఇంట్లోనే, పరికరాలేవీ లేకుండా, మన ఒంటి బరువుతోనే చేసుకునే వ్యాయామాల గురించి చెప్పమన్నారు. నిన్న రాత్రి కాగితం తీసుకుని జాబితా రాయబోయాను. మొదట గుంజీలు అని రాశాను. తరవాత గోడకుర్చీ. తరవాత దండీలు. వీపుకు ఏముందా అని ఆలోచించి, తాడు పట్టుకుని వేలాడే కోదండం అని రాశాను. రాసి చూసుకుంటే చెయ్యి ఆగిపోయింది. అది వ్యాయామాల జాబితాలా లేదు, నేనూ, నాకు ముందు తరాల పంతుళ్లూ పిల్లలకు వేసిన శిక్షల జాబితాలా ఉంది. ఒంటికి ఇంత మేలు చేసే పనులను ఏరి ఏరి శిక్షలుగా పెట్టుకున్నాం మేము. బడి వదిలిన రోజునే పిల్లలు వాటినీ వదిలేశారంటే వాళ్ల తప్పేముంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం బడుల్లో శారీరక శిక్షలను నిషేధించింది. మంచి పని జరిగింది. ఇక ఆ గుంజీలకు, గోడకుర్చీకి అంటిన మరక తుడవడం మా పని.

గుంజీలతో మొదలుపెడతాను. వినాయక చవితినాడు చేతులు మార్చి చెవులు పట్టుకుని స్వామి ముందు తీస్తాం కదా, అవే. చెవులు వదిలేసి చేతులు ముందుకు చాపి తీస్తే తాలింఖానాల్లో, అంటే కుస్తీ, కసరత్తు నేర్పే పాత వ్యాయామశాలల్లో, బస్కీలు అనేవారు. జిమ్ముల్లో స్క్వాట్లు అంటున్నారు. పేరేదైనా పని ఒకటే, కూర్చోవడం, లేవడం. మా అమ్మ రోజుకు ఎన్నిసార్లు నేలకు దిగి లేచేదో ఎవరూ లెక్కపెట్టలేదు. పొయ్యి దగ్గర, రోలు దగ్గర, ముగ్గు దగ్గర, పీటల మీద వడ్డన దగ్గర. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. మిక్సీ వచ్చిన రోజున ఆవిడ రుబ్బురోలును పెరట్లోకి దొర్లించింది, మళ్లీ దాని మొహం చూడలేదు. ఆవిడ సుఖపడింది, సంతోషం. అయితే ఆ పని పోయినప్పుడు తొడల్లోని బలం కూడా దానితోపాటే పోయింది. ఇప్పుడు మన ఇళ్లలో మంచం ఎత్తు, సోఫా ఎత్తు, భోజనం బల్ల మీద, దొడ్డికి కూడా కుర్చీయే. నేలకు దిగవలసిన అవసరం రోజులో ఒక్కసారి కూడా రాదు. ముప్పై దాటాక పట్టించుకోకపోతే పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ కరిగిపోతుందంటారు. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ముందుగా తెలిసేది కాళ్లలోనే.

మీరు కూర్చున్న ఆ ప్లాస్టిక్ కుర్చీలే చాలు. కుర్చీ వీపు గోడకు ఆనించండి, జారకుండా ఉంటుంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మడమలు నేలకు అంటించి ఉంచండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ముందుకు కాస్త వంగి లేవండి. కూర్చునేటప్పుడు మాత్రం ధబీమని కూలబడొద్దు. మనసులో మూడు లెక్కపెడుతూ దిగండి. మనందరం లేవడమే వ్యాయామం అనుకుంటాం గానీ, నెమ్మదిగా దిగేటప్పుడు కూడా కండకు మంచి పని పడుతుంది. మోకాళ్లు లోపలికి ముడుచుకుపోకుండా కాలివేళ్లు చూసే దిక్కుకే చూడాలి. మోకాలు కాలివేళ్లను దాటిందంటే అరిగిపోతుందని నేనే ఏళ్ల తరబడి పిల్లలను బెదిరించాను. అది అంత నిజం కాదు. మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ దాటుతూనే ఉంటుంది. మోకాలు నొప్పి ఉన్నవారు కుర్చీ మీద రెండు దిండ్లు వేసుకుని ఎత్తు పెంచుకోండి. నొప్పి లేనివారు నెలా రెండు నెలల్లో దిండ్లు తీసేసి, ఆ తరవాత ముక్కాలిపీట ఎత్తుకు, చివరికి పీటా లేకుండా మడమల మీదికి దిగండి.

దీనికో పరీక్ష ఉంది. పరీక్ష లేకపోతే పంతులుకు తోచదు కదా. ముప్పై సెకన్లలో చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో చూసుకోవాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాడే లెక్క ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవారికి 14 కంటే, ఆడవారికి 12 కంటే తక్కువ వస్తే కాళ్ల బలం సగటుకు తక్కువన్నట్టు, పడిపోయే ప్రమాదం ఎక్కువన్నట్టు. బ్రెజిల్ వైద్యుడు అరాఉజో ఇంకో పరీక్ష పెట్టారు. నిలబడినవారు నేల మీద కూర్చుని మళ్లీ లేవాలి. మొత్తం 10 మార్కులు, దిగడానికి అయిదు, లేవడానికి అయిదు. చెయ్యి ఆనించినా, మోకాలు ఆనించినా ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు పోతుంది. నేలకు దిగి లేవడం చేతకాని వయసు వచ్చిందనుకుంటాం గానీ, చాలామందిలో అది వయసు వల్ల వచ్చింది కాదు, ఏళ్ల తరబడి దిగకపోవడం వల్ల వచ్చింది. ఇంటికి వెళ్లాక పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చూసుకోండి. నాకు ఎన్ని వచ్చాయని అడగొద్దు. (నవ్వులు)

ఇక గోడకుర్చీ. కార్యదర్శి గారూ, చెవులు మూసుకోండి. వీపు గోడకు పూర్తిగా ఆనించి, పాదాలు రెండడుగులు ముందుకు వేసి, లేని కుర్చీలో కూర్చున్నట్టు జారాలి. ఒంట్లో ఏదీ కదలకుండానే తొడలు మండిపోతాయి. కదలకుండా బిగపట్టే ఇలాంటి వ్యాయామాల మీద 2023లో బ్రిటన్ పరిశోధకులు పాత పరీక్షలు 270 తీసుకుని, దాదాపు 16 వేల మంది వివరాలు కలిపి చూశారు. నడక, పరుగు, బరువులు ఎత్తడం, అన్నీ రక్తపోటు తగ్గించాయి. అన్నింటికంటే ఎక్కువ తగ్గించినవి ఈ బిగపట్టే వ్యాయామాలు. పైఅంకె సగటున 8, కిందిఅంకె 4 తగ్గాయి. వాటిలో గోడకుర్చీ ముందు నిలిచింది. ఎవరికి నవ్వాలనిపిస్తే వారు నవ్వండి. నేను బూట్లు తేని పిల్లలకు వేసిన శిక్షే ఇది.

ఆ పరీక్షల్లో మామూలుగా చేయించింది రెండేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతి, వారానికి మూడు రోజులు. మీరు రెండు నిమిషాలతో మొదలుపెట్టకండి. తొడలు నేలకు సమాంతరంగా రానక్కరలేదు. కాస్తే జారి, ఇరవై సెకన్లు నిలవండి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. బిగపడితే ఆ క్షణంలో రక్తపోటు ఎగబాకుతుంది. దానికి మా మైదానం ఉపాయం ఒకటి ఉంది. లెక్క మనసులో పెట్టుకోకుండా పైకి, పక్కవారికి వినబడేలా పెట్టండి. పైకి లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగపట్టలేడు. గుండె జబ్బు ఉన్నవారు, మందు వేసుకుంటున్నా రక్తపోటు అదుపులో లేనివారు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. మాత్రలు మానేసి గోడకుర్చీ వేస్తానంటే అంతకంటే తెలివితక్కువ పని లేదు. ఇంకో మాట, గ్రానైటు నేల మీద మేజోళ్లతో చేయకండి.

దండీల దగ్గరికి వస్తే మా ఉత్తరాంధ్రవాడికి కోడి రామమూర్తి నాయుడు పేరు తలవకుండా నోరు కదలదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో తాలింఖానాలో రాటుదేలిన మనిషి. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఒంటికి చుట్టిన గొలుసులు ఊపిరి పూరించి తెంచాడు. సర్కస్ పెట్టకముందు ఆయనా మాలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ తాలింఖానాల్లో యంత్రాలేమున్నాయి? కుస్తీ పట్టే మట్టి గోదా, కర్రలు, రాతిగుండ్లు, మిగిలినదంతా దండీలు, బస్కీలు. అక్కడి దండీకీ ఇప్పటి పుషప్‌కూ తేడా ఉంది. దండీలో నడుము పైకెత్తి, ఒళ్లంతా పాములా కిందికి జారి, ఛాతీ పైకి లేపుతారు. పుషప్‌లో ఒళ్లు కర్రలా నిటారుగా ఉంచి దిగి లేస్తారు. దండీకి భుజాల్లో సాగుదల కావాలి. పెద్దవారికి పుషప్ నయం.

"మాస్టారూ, ఒక్కటి కూడా రావడం లేదు" అనేవాళ్లు నాకు రోజూ కనబడతారు. రాదు. ఎందుకు వస్తుంది? నేల మీద పుషప్ అంటే ఒంటి బరువులో 64 శాతం చేతుల మీద పడుతుంది. 70 కిలోల మనిషికి 45 కిలోలు. బియ్యం బస్తాకు కొంచెం తక్కువ. అంత బరువు మొదటిరోజే ఎత్తమని ఎవరు చెప్పారు? చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద ఆనిస్తే అది 41 శాతానికి దిగుతుంది, అంటే 29 కిలోలు. వంటగట్టు ఇంకా ఎత్తు కాబట్టి ఇంకా తేలిక. గోడకు చేస్తే మరీ తేలిక. నేల మీదే మోకాళ్లు ఆనించి చేస్తే 49 శాతం. బాగా వచ్చినవారు పాదాలు 60 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 74 శాతానికి ఎక్కుతుంది. జిమ్ములో ఇనుప పళ్లేలు మార్చినట్టు, ఇంట్లో ఎత్తు మార్చుకోవాలి. గోడ, వంటగట్టు, మంచం పట్టె, నేల. ఒక ఎత్తులో పన్నెండు పదిహేను శుభ్రంగా వచ్చాయంటే తరవాతి ఎత్తుకు దిగండి. టీ మరిగేలోపు వంటగట్టు దగ్గర పది తీసేయవచ్చు. మోచేతులు రెక్కల్లా బార్లా చాపకుండా ఒంటికి కాస్త దగ్గరగా ఉంచితే భుజం కీలు బతుకుతుంది.

ఇప్పుడు పొట్ట. నేను రెండో తప్పు ఒప్పుకోవలసింది ఇక్కడే. ఒకడి కాళ్లు ఇంకొకడు పట్టుకోగా, వెల్లకిలా పడుకుని, తల వెనక చేతులు పెట్టి పైకి లేవాలి, అవే సిటప్‌లు; నిమిషంలో ఎన్ని తీస్తే అన్ని మార్కులు. ఏళ్ల తరబడి అలా వేల మంది పిల్లలచేత తీయించాను. అమెరికా సైన్యం కూడా 1980 నుంచి అలాంటి పరీక్షే పెట్టింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ అనే ఆచార్యుడు వెన్నెముక మీద పడే భారం కొలిచి, ఒక్కో సిటప్‌కు దాదాపు 3,300 న్యూటన్ల ఒత్తిడి పడుతోందన్నాడు. మన లెక్కలో 300 కిలోల పైమాట. వంచుతూ, నలుపుతూ వందసార్లు తీస్తే వెన్నుపూసల మధ్య మెత్తలు ఏమవ్వాలి? ఆ సైన్యం కూడా 2022లో తెచ్చిన కొత్త పరీక్షలో సిటప్‌లు తీసేసి ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు కర్రలా నిలిపి ఉంచడం, పెట్టింది. వారు మారారు కాబట్టి నేను మారలేదు. నా నడుమే నన్ను మార్చింది. తీయించినవాణ్ణి కదా, తీసి చూపించినవాణ్ణి కూడా నేనే.

అందరూ కోర్, కోర్ అంటుంటారు. మన భాషలో దానికి చక్కటి మాట ముందే ఉంది, నడుం బిగించడం. కావడి ఎత్తేముందు, నాగలి పట్టేముందు మనిషి పంచె బిగించి కట్టేవాడు. ఒంట్లో కూడా అలాంటి పంచె ఒకటి ఉంది. పొట్టచుట్టూ అడ్డంగా చుట్టుకున్న లోపలి కండరం, డొక్కల్లో ఏటవాలు కండరాలు, వెన్ను పక్కన చిన్న చిన్న కండరాలు, పైన ఊపిరి తెర, కింద కటి కండరాలు. ఇవన్నీ కలిసి ఒక డబ్బా. చేతులూ కాళ్లూ పని చేస్తున్నప్పుడు ఆ డబ్బా నలగకుండా ఉండడమే దాని పని. కాబట్టి వంగి లేవడం కంటే, వంగకుండా నిలవడం నేర్పాలి దానికి.

దానికి మెక్‌గిల్ మూడు వ్యాయామాలు చెప్పాడు. వాటిలో నాకు ఎక్కువ నచ్చినది, ఇంట్లో మనవణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏనుగు ఆట ఆడతాం చూడండి, ఆ భంగిమ. చేతులూ మోకాళ్లూ నేల మీద. కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపాలి. నడుము మీద నిండు గ్లాసు పెట్టినట్టు ఊహించుకోండి, నీళ్లు ఒలకకూడదు. పది సెకన్లు ఉండి దించి, రెండో వైపు చేయాలి. రెండోది పక్కకు తిరిగి మోచేయి మీద లేవడం. డొక్కకు, నడుం పక్కకు అంత మంచిది ఇంకోటి లేదు. కొత్తవారు మోకాళ్లు మడిచి చేయండి. మూడోది వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, నడుం కింద గుంటలో రెండు అరచేతులు పెట్టుకుని, తలా భుజాలూ నేల నుంచి కాస్తంత ఎత్తడం. తల కింద తక్కెడ ఉంటే దాని అంకె సున్నాకు వచ్చేంత ఎత్తితే చాలు. మామూలు ప్లాంక్ కూడా మంచిదే. అయిదు నిమిషాలు నిలబడ్డానని గొప్పలు పోవడం వృథా. నడుము కిందికి జారిపోయాక గడిచే నిమిషాలు ఎందుకూ పనికిరావు. పది పది సెకన్లుగా, గట్టిగా, ఆరేడుసార్లు చేయండి. కొవ్వు పొట్ట మీద ఉందని పొట్టకే వ్యాయామం చేస్తే అక్కడే కరగదు. అది భోజనం దగ్గర, మొత్తం ఒంటి లెక్కలో తేలే వ్యవహారం.

కోదండం మిగిలింది. చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. వీధిబడుల్లో దూలానికి తాడు కట్టి, పిల్లవాణ్ణి దానికి వేలాడమనేవారు. ఎప్పుడు పట్టు జారి పడతాడో అని కింద పిల్లలు చూస్తుండేవారు. మా నాన్న ఆ బాధ పడ్డవాడు. ఆ క్రూరత్వాన్ని నేను సమర్థించను. కానీ ఇంట్లో చేసే వ్యాయామాల్లో వెలితి సరిగ్గా అక్కడే ఉంది. దండీలో తోస్తాం, బస్కీలో లేస్తాం, లాగే పని ఎక్కడా లేదు. నూతిలోంచి నీళ్లు తోడేటప్పుడు ఉండేది, మోటారు వచ్చాక పోయింది. ఫోను మీదికి వంగి వంగి భుజాలు ముందుకు పోతున్న ఈ రోజుల్లో వీపుకు లాగే పనే ఎక్కువ కావాలి. గుమ్మానికి కడ్డీ బిగించుకుంటే పది సెకన్లు వేలాడినా మంచిదే. లేనివారికి కిటికీ ఊచలున్నాయి. నడుం ఎత్తులో ఊచకు తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని, పాదాలు గోడకు దగ్గరగా పెట్టి వెనక్కి వాలండి. మోచేతులు మడుస్తూ ఛాతీని ఊచల దగ్గరికి లాక్కోండి. పాదాలు ఎంత ముందుకు వేస్తే అంత బరువు. ముందు ఆ కిటికీ సంగతి చూసుకోండి. నేను మా పాత ఇంట్లో చెక్క చట్రానికి చెద పట్టిందని గమనించకుండా వాలాను. ఊచా, తువ్వాలూ, నేనూ ముగ్గురం కలిసే వచ్చాం.

రోజులు, లెక్కలు ఎక్కువ చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, కండలకు బలమిచ్చే పని వారానికి కనీసం రెండు రోజులు. 65 దాటినవారికి బలంతోపాటు తూలకుండా నిలబడే సాధన మూడు రోజులు. నడక దీనికి అదనం, బదులు కాదు. మనవాళ్లు పొద్దున నడిచి వచ్చి అంతా అయిపోయిందనుకుంటారు. మరునాడు ఒళ్లు సలపడం సహజం, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో సూదిలా గుచ్చితే మాత్రం ఆపేయాలి.

ఎవరైనా ఏమైనా అడుగుతారా? అమ్మా, చెప్పండి.

(ఒక మహిళ: కాన్పయి ఆరు నెలలైంది, పొట్ట వ్యాయామాలు చేయవచ్చా?)

ముందు మీ డాక్టరమ్మకు చూపించండి. కాన్పయ్యాక కొందరికి పొట్ట మధ్యన కండరాలు రెండుగా విడిపోయి అలాగే ఉంటాయి. వెల్లకిలా పడుకుని తల ఎత్తితే మధ్యలో గట్టులా లేస్తుంటే సిటప్‌ల జోలికి అసలు పోవద్దు. ఊపిరి నెమ్మదిగా వదులుతూ పొత్తికడుపు లోపలికి తీసుకోవడం, ఇందాకటి ఏనుగు భంగిమ, కుర్చీలోంచి లేవడం, వీటితో మొదలుపెట్టమని చాలామందికి చెబుతారు. మీకు ఏది సరిపోతుందో చూసి చెప్పేది వారే.

(ఒక యువకుడు: ప్రొటీన్ పౌడరు వాడాలా మాస్టారూ?)

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోలుంటే 50 గ్రాములు. కండ పెంచాలని సాధన చేసేవారికి ఇంకొంత ఎక్కువ కావచ్చు. పప్పు, పెరుగు, గుడ్లు, సెనగలు సరిగా తింటే అందుతుంది. మనం పప్పు అన్నది పలచటి చారుగా వేసుకుని, అన్నం కొండలా పెట్టుకుంటాం, తిరకాసు అక్కడ ఉంది. కండ కోసం పొడులు వద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ డబ్బుతో ఓ కోళ్లగూడు కట్టుకో నాయనా.

(కార్యదర్శి: మాస్టారూ, మీరు ఇప్పుడు గోడకుర్చీ ఎంతసేపు వేయగలరు?)

అడుగుతారనుకున్నాను. డెబ్బై ఒకటి నాకు. నిరుడు మొదలుపెట్టినప్పుడు పదిహేను సెకన్లు. ఇప్పుడు నిమిషం, మంచిరోజైతే ఇంకో పది. రండి, ఆ పుస్తకాల బీరువా పక్కన గోడ ఖాళీగా ఉంది. బూట్లు విప్పేయండి, నేల నున్నగా ఉంది. నా పక్కనే ఆనుకోండి. ఇంకా కాస్త కిందికి... చాలు, అంతకంటే వద్దు. లెక్క ఈసారి మీరు పెట్టండి. పైకి, అందరికీ వినబడేలా.